హార్మోనియం రీడ్లకు శ్రుతి సరిచేయడం ఎలా?

కోనసీమలోనూ, నరసాపురం వైపు తీర గ్రామాల్లోనూ పద్యనాటకాలకు, భజనలకు, చర్చి ఆరాధనలకు వాడే హార్మోనియం పెట్టెలు వానాకాలం గడిచేసరికి శ్రుతి తప్పుతుంటాయి. తేమా ఉప్పుగాలీ కలిసి, గాలికి కంపించి స్వరం పలికే ఇత్తడి రీడ్లకు చిలుము పట్టిస్తాయి. పెట్టె బాగా ఆరిన మాఘమాసంలోనే ఈ పనికి పూనుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో రీడును ముట్టుకోకూడదు.

కావలసినవి కొద్దే: స్క్రూడ్రైవరు, మెత్తని బ్రష్షు, పలుచని ఇత్తడి రేకు, సన్న ఆకురాయి, 440 హెర్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్). మెట్లేవీ నొక్కకుండా తిత్తి నింపి చూడండి. గాలి వెంటనే జారిపోతే ముందు ఆ లీకును సరిచేయాలి. ఆ తరువాత రీడ్ బోర్డును బయటికి తీసి, ప్రతి రీడునూ బ్రష్షుతో శుభ్రం చేసి, మళ్ళీ బిగించి వాయించండి. శ్రుతి తప్పిందని అనుకున్న రీడ్లలో చాలా వరకు దుమ్ము పోగానే దారికి వస్తాయి.

అప్పటికీ తేడా మిగిలితేనే గీకాలి. పెట్టెలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పియానోకు శ్రుతి చేసేవారు తీగను ఎక్కువ బిగిస్తే మళ్ళీ వదులు చేయగలరు, కానీ రీడు నుంచి గీకిన ఇత్తడి తిరిగి రాదు. శ్రుతి తగ్గిన రీడుకు నాలుక (రీడులో కంపించే సన్నని పట్టీ) కొన దగ్గర గీకితే ఆ బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. శ్రుతి పెరిగిన రీడుకు, నాలుకను బిగించిన రివెట్టుకు కాస్త ఇవతల, మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. ఏది పెరిగిందో, ఏది తగ్గిందో నిశ్చయం కాకుండా ఆకురాయి పట్టవద్దు. నాలుక కింద రేకును జొనిపి, దాన్ని పైకి వంచకుండా ఆనించి, నాలుక పొడవునా రెండు మూడు సార్లు మాత్రమే గీకాలి. అడ్డంగా పడిన గీత, ముఖ్యంగా మొదలు దగ్గర, కొన్నాళ్ళకు పగులుగా మారి రీడును విరగ్గొడుతుంది. బ్లేడుతో గీకడాన్ని నేను ఒప్పుకోను. అది ఒకేచోట లోతుగా దిగుతుంది.

ప్రతిసారీ పొడిని తుడిచి, లోహం చల్లబడే వరకు ఆగి, రీడును దాని స్థానంలోనే ఉంచి మామూలు గాలి ఒత్తిడితో వినాలి. నోటితో ఊది చూసేవారికి సరైన ఫలితం రాదు, ఎందుకంటే ఒత్తిడి మారితే స్వరం కూడా కొద్దిగా మారుతుంది. ఆరు శ్రుతిని (పాశ్చాత్యుల A స్వరాన్ని) 440 హెర్ట్జ్ దండంతో పోల్చండి. రీడు 442 దగ్గర ఉంటే ధ్వని సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. అది నెమ్మదించి ఆగినప్పుడు శ్రుతి కలిసినట్టు. మిగిలిన స్వరాలను, సరిగా ఉన్న పై లేదా కింది స్థాయి స్వరంతో పోల్చి చూడాలి. ఫోనులోని అంకె కంటే ఈ అలను వినడమే నమ్మదగినది.

ఒక్క గాయకుడి శ్రుతికి స్వచ్ఛమైన అంతర గాంధారం పలికేలా రీడ్లు మార్చమని కొందరు అడుగుతారు. స్థాయిని పన్నెండు సమభాగాలు చేసే సమవిభజనలోని గాంధారం స్వచ్ఛ గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు (ఆ భాగాల్లో ఒక్కోదానిలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువన్న మాట నిజమే. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు ఈ వాద్యాన్ని దూరం పెట్టడానికి చూపిన కారణాల్లో ఇలాంటి అభ్యంతరం కూడా ఉంది. అయినా నాటకానికి వెళ్ళే పెట్టెను అలా మార్చకూడదు, ఎందుకంటే ఒక నటుడు నాలుగున్నర శ్రుతిలో, మరొకరు ఒకటిన్నరలో పద్యం ఎత్తుకుంటారు. ఒకరికి సరిచేసిన గాంధారం మరొకరి పద్యాన్ని చెడగొడుతుంది.

పని ముగిశాక బోర్డు అంచుల తోలు సరిగ్గా ఆనిందో లేదో చూసి బిగించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు ఉదయం మళ్ళీ అన్ని మెట్లూ వినండి. తేడా వినిపించిన రీడుకు ఒకే ఒక్క గీత చాలు.