ఎంత డేటా వస్తుందో తెలియనప్పుడు సి భాషలో బఫర్ (డేటాని దాచుకునే మెమరీ) ఎలా పెంచుకుంటూ పోవాలి?

ఫంక్షన్ లోపల పెద్ద అర్రే ప్రకటిస్తే అది స్టాక్‌లోకి (ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్ ఉండే పరిమిత మెమరీ) వెళ్తుంది. మెయిన్ థ్రెడ్‌కి మామూలుగా దొరికే స్టాక్ లైనక్స్‌లో 8 ఎంబీ, విండోస్‌లో 1 ఎంబీ. 10 ఎంబీ అర్రే పెట్టి వాడబోతే ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. ఇలాంటి డేటాని హీప్‌లోనే (ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) పెట్టాలి.

ముందు ఒక స్ట్రక్ట్‌లో మూడు పెట్టుకోండి: డేటా పాయింటర్, ఇప్పటిదాకా నిండిన బైట్లు, మొత్తం చోటు. చివరి రెండూ సైజ్‌_టి (మెమరీ సైజుల కోసం ఉన్న పూర్ణసంఖ్య) రకంగా ఉండాలి, ఇంట్ వద్దు. 50,000ని 50,000తో గుణిస్తే 250 కోట్లు. 32 బిట్ల ఇంట్‌లో పట్టేది 214 కోట్ల పైచిలుకే. లెక్క తప్పి సైజు చెత్త విలువ అవుతుంది, అది కావాల్సినదానికంటే చిన్నదైతే రాసేది పక్క మెమరీ మీద పడుతుంది.

హీప్‌లో మెమరీ ఇచ్చే మాలాక్ ఫంక్షన్‌తో 64 కేబీ తీసుకోండి. నల్ (మెమరీ దొరకలేదని చెప్పే ఖాళీ పాయింటర్) వచ్చిందేమో చూశాకే ముందుకెళ్లండి. తర్వాత ఫైల్ చదివే ఎఫ్‌రీడ్‌తో మిగిలిన చోటుకి సరిపడా చదివి, అది తిరిగిచ్చిన సంఖ్యని నిండిన బైట్లకి కలపండి. టెక్స్ట్ అయితే అది ముగిసిందని చెప్పే చివరి సున్నా కోసం ఒక బైట్ వదిలి చదవాలి. ఈ ఒక్క బైట్ మరిచిపోవడం వల్ల పుట్టే బగ్‌లు అన్నీ ఇన్నీ కావు.

చోటు నిండగానే రెట్టింపు చేయండి. ప్రతిసారీ 4 కేబీ చొప్పున పెంచితే 100 ఎంబీకి 25,600 సార్లు రీఅలాక్ (తీసుకున్న మెమరీ సైజు మార్చే ఫంక్షన్) పిలవాలి, చాలాసార్లు పాత డేటా అంతా కొత్తచోటికి కాపీ అవుతుంది. రెట్టింపు చేస్తే 64 కేబీ నుంచి 128 ఎంబీకి 11 సార్లు చాలు. చివర్లో మిగిలిన ఖాళీని ఇంకో రీఅలాక్‌తో కుదించుకోవచ్చు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఈ లైను దగ్గర:

బఫ్ = రీఅలాక్(బఫ్, కొత్త_సైజు);

చూడ్డానికి సవ్యంగానే ఉంది. కానీ రీఅలాక్ విఫలమైతే నల్ ఇస్తుంది, పాత మెమరీని మాత్రం విడుదల చేయదు. ఆ అడ్రస్ ఉన్నది బఫ్‌లోనే, దాని మీద నల్ రాసేశాం. చదివిన డేటా చేజారింది, మెమరీ లీకైంది. అందుకే ఫలితాన్ని వేరే పాయింటర్‌లో పట్టాలి:

తాత్కాలిక = రీఅలాక్(బఫ్, కొత్త_సైజు);

అది నల్ కాకపోతేనే బఫ్‌కి ఇవ్వండి, మొత్తం చోటు విలువ కూడా అప్పుడే మార్చండి. నల్ అయితే పాత బఫర్ భద్రంగానే ఉంటుంది. దాన్ని వాడుకోవడమో ఫ్రీ చేయడమో మీ ఇష్టం.

రీఅలాక్ తర్వాత బ్లాక్ వేరేచోటికి మారి ఉండొచ్చు. బఫర్ మధ్యలోకి చూపే పాయింటర్లు దాచుకుని ఉంటే అవన్నీ చెల్లవు. వాటి బదులు మొదటి నుంచి ఎన్నో బైటో ఆ సంఖ్యని దాచుకోండి.

లైనక్స్‌లో ఇంకో సంగతి. మాలాక్ పాయింటర్ ఇచ్చినంత మాత్రాన అంత ర్యామ్ చేతికొచ్చినట్టు కాదు. పేజీలు (మెమరీని పంచే చిన్న ముక్కలు) మొదటిసారి రాసినప్పుడే దక్కుతాయి. అప్పుడు ర్యామ్ చాలకపోతే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ప్రోగ్రామ్‌నే చంపేయొచ్చు. కాబట్టి అంగీకరించే గరిష్ఠ సైజు మీరే నిర్ణయించి, అది దాటితే చదవడం ఆపేయండి.

పనయ్యాక ఒక్కసారే ఫ్రీ చేసి, పాయింటర్‌ని నల్ చేయండి. పరీక్షించేటప్పుడు మొదటి సైజుని 64 కేబీ బదులు 2 బైట్లకి దించి, అడ్రస్ శానిటైజర్‌తో (మెమరీ తప్పుల్ని పట్టే సాధనం) నడపండి. మొదటి కొన్ని బైట్లలోనే పదేపదే రీఅలాక్ జరుగుతుంటే పెద్ద ఫైల్‌లో ఎప్పుడో బయటపడే తప్పు చిన్న ఫైల్‌తోనే దొరుకుతుంది.