గుండె ఆపరేషన్ పేషెంట్‌ను నైట్ డ్యూటీలో తీసుకునే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో కార్డియాక్ ఐసీయూకి కొత్తగా వచ్చిన సిస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. ఆపరేషన్ తర్వాత మనం ముఖ్యంగా కనిపెట్టాల్సింది టాంపొనాడ్, అంటే గుండె చుట్టూ ఉన్న పొరలో రక్తం చేరి గుండెను నొక్కేయడం. నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

- అన్నిటికన్నా ముందు చెస్ట్ డ్రెయిన్ (ఛాతీలోంచి రక్తాన్ని బయటికి తీసే ట్యూబ్) చూడండి. బాగా వస్తున్న రక్తం ఉన్నట్టుండి ఆగిందంటే బ్లీడింగ్ తగ్గిందని సంతోషించొద్దు. గడ్డకట్టి ట్యూబ్ మూసుకుపోయి, రక్తం లోపలే చేరుతుండవచ్చు. ట్యూబ్ మెలికపడిందేమో కూడా చూడండి.

- టాంపొనాడ్ గుర్తులుగా చెప్పేవి బీపీ పడిపోవడం, మెడనరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం. ఈ మూడూ కలిసి కనిపించేదాకా ఆగకండి, చాలామందిలో కనిపించవు. సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరలోని ఒత్తిడి) పెరుగుతూ, పల్స్ వేగం హెచ్చుతూ, యూరిన్ తగ్గుతుంటే చాలు, అనుమానించాల్సిందే.

- ఊపిరి పీల్చినప్పుడు పై బీపీ 10 పాయింట్లకు (mmHg) మించి తగ్గుతోందా? అదీ టాంపొనాడ్ గుర్తే.

- "పండుకోలేకుండా ఉండా సిస్టరమ్మా" అని చిత్తూరు పెద్దాయన అంటే, దాన్ని టెన్షన్ అని కొట్టిపారేయకండి. తల ఎత్తి పడుకోబెట్టండి.

- అనుమానం రాగానే సర్జన్‌కు ఫోన్ చేయండి, ఎకో మెషిన్ (గుండె స్కానింగ్ మెషిన్) తెప్పించండి, ఆక్సిజన్ పెట్టండి. ఆర్డర్ ప్రకారం ఫ్లూయిడ్స్ ఇవ్వండి. బీపీని ఇంకా తగ్గించగల లేసిక్స్, నైట్రోగ్లిజరిన్ మందులు ఇచ్చే ముందు డాక్టర్‌ను మళ్లీ అడగండి.

- ఛాతీ తిరిగి తెరిచే సెట్ ఎక్కడుందో డ్యూటీ మొదట్లోనే కళ్లారా చూసుకోండి.