బాల్ పైథాన్ ట్యాంక్‌లో వేడి ఎలా సర్దాలి

అబ్బాయి పట్టుబట్టి బాల్ పైథాన్ అనే కొండచిలువని తెచ్చుకున్నాడు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఆ గది గుమ్మం కూడా తొక్కట్లేదు. సరే, ఆ గొడవ మెల్లగా సర్దుకుంటుంది, ముందు ట్యాంక్‌లో వేడి సంగతి చూడండి. పాము తిండి మానేసినా, తిన్న ఎలుకను కక్కేసినా, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీస్తున్నా మొదట అనుమానించాల్సింది వేడినే. చివరిది కనిపిస్తే మాత్రం వేడి సరిచేసి ఊరుకోకండి, పాముల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.

పాము మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. వెచ్చని చోటుకి పోయి ఒళ్లు కాచుకుంటుంది, చాలనిపిస్తే చల్లని చోటుకి జరుగుతుంది. అందుకే ట్యాంకంతా ఒకే వేడిలో ఉంచితే, ఆ అంకె ఎంత సరైనదైనా, దానికి జరగడానికి చోటుండదు. బాల్ పైథాన్ సొంతూరు ఘనా, టోగో, బెనిన్ వైపు. అక్కడ పగలు ఎక్కువగా బొరియల్లో, చెదల పుట్టల్లో దాక్కుంటుంది. వెచ్చని కొసన నేల మీద 88 నుంచి 92 ఫారెన్‌హీట్, అంటే 31 నుంచి 33 సెల్సియస్, చల్లని కొసన 76 నుంచి 80 ఫారెన్‌హీట్ ఉండేలా చూడండి. రాత్రి కొంచెం తగ్గినా పర్లేదు గానీ 75 కిందికి పోనివ్వొద్దు. రెండు కొసల్లోనూ ఒకేలాంటి గూడు పెట్టాలి, ఎందుకంటే గూడు ఒక్కటే ఉంటే ఇది పిరికిది కాబట్టి చలేసినా ఉక్కపోసినా అందులోంచి కదలదు.

డబ్బులు ఎక్కడైనా మిగుల్చుకోండి, వేడిని కొలుస్తూ హీటర్ని అదుపులో ఉంచే థర్మోస్టాట్ దగ్గర మాత్రం వద్దు. ట్యాంక్ అడుగున అతికించే హీట్ మ్యాట్‌ని నేరుగా ప్లగ్‌లో పెడితే పైన గాజు అట్ల పెనంలా కాలిపోవచ్చు, పాము మాత్రం పొట్ట కాలుతున్నా చాలాసార్లు అక్కడి నుంచి లేవదు. లోపల పెట్టే హీట్ రాక్ (కరెంటుతో కాగే రాయి) అయితే ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

అందరూ తడబడేది థర్మోస్టాట్ ప్రోబ్ దగ్గర, అంటే వేడిని పసిగట్టే తీగ కొస దగ్గర. మ్యాట్‌కైతే ప్రోబ్‌ని మ్యాట్‌కీ గాజుకీ మధ్య బయటే ఇరికించాలి. లోపల పెడితే పాము దాన్ని పక్కకి తోసేస్తుంది, లేదా దాని మీద నీళ్లు ఒలుకుతాయి, అప్పుడు థర్మోస్టాట్ ఇంకా చల్లగానే ఉందనుకుని వేడి పెంచుతూనే పోతుంది. బయట పెట్టాక లోపలి గాజు ఎంత వేడిగా ఉందో కొలిచి, దాన్నిబట్టి సెట్టింగ్ సరిచేసుకోండి. పాము అడుగున పరిచిన పొరను తవ్వి గాజు దాకా పోతుంది కాబట్టి మీరు చూడాల్సింది గాజు వేడి, పై పొరది కాదు. పైనుంచి వేడి ఇస్తుంటే ప్రోబ్ వెచ్చని కొసన పాము వీపు ఎత్తులో కదలకుండా ఉండాలి. ట్యాంక్ లోపల మాత్రం ఏ టేపూ వాడకండి, పొలుసులకి అంటుకుంటే చర్మంతో సహా ఊడొస్తుంది.

మ్యాట్ నేలను వేడి చేస్తుంది, గాలిని కాదు. చలికాలంలో ఇల్లు 68 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టుకునేవాళ్లకి అది ఒక్కటే సరిపోదు, పైన సెరామిక్ హీట్ ఎమిటర్ (బల్బులా బిగించే హీటర్) కావాలి. దానికి వెలుతురు ఉండదు కాబట్టి రాత్రికీ పనికొస్తుంది, హోల్డర్ మాత్రం పింగాణీదే కొనండి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. పగలు హాలోజెన్ బల్బ్ పెట్టేట్టయితే కరెంటుని మెల్లగా తగ్గించి పెంచే డిమ్మింగ్ థర్మోస్టాట్ తీసుకోండి, మామూలు ఆన్-ఆఫ్ దానితో బల్బ్ ఊరికే ఆరిపోతూ వెలుగుతూ ఉంటుంది. రాత్రికని అమ్మే ఎర్ర బల్బులు అక్కర్లేదు.

పైనుంచి వేడి ఇస్తే గాలి ఎండిపోతుంది. దీనికి తేమ 60 శాతం అటూఇటూ కావాలి, లేకపోతే కుబుసం ముక్కలుముక్కలుగా ఊడుతుంది. మెష్ మూతను దీపం చుట్టూ వదిలేసి మిగతాదంతా పైనుంచి అల్యూమినియం ఫాయిల్‌తో కప్పేయండి. అడుగున కొబ్బరి పీచు మందంగా పరిచి మూలల్లో నీళ్లు పోస్తే చాలు. కాకపోతే మ్యాట్ మీద పొర మందమైన కొద్దీ వేడి పైకి రాక కింద పోగవుతుంది, కాబట్టి అటువైపు పలచగా ఉంచండి.

గాజుకి అతికించే గుండ్రటి ముల్లు మీటర్లని నమ్మకండి. డిజిటల్‌వి రెండు కొని, చెరో కొసన ఒకటి పెట్టండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ (దూరం నుంచే వేడి కొలిచేది) మంచిదే గానీ బయట నుంచి గురిపెడితే అది చెప్పేది గాజు వేడే, మూత తీసి కొలవాలి.

ఇక వేసవి. థర్మోస్టాట్ హీటర్‌ని ఆపగలదు, ట్యాంక్‌ని చల్లబరచలేదు. డాలస్‌లో జూలైలో ఏసీ ఆపేసి ఇండియా వెళ్లిపోతే లోపల చల్లని కొస అంటూ మిగలదు, అతివేడి చలికన్నా త్వరగా ప్రాణం తీస్తుంది. ఇల్లు 80 దాటకుండా ఏసీ పెట్టి, తాళం చెవి పాముకి భయపడని స్నేహితులకే ఇవ్వండి.

ఇది చదివి హైదరాబాద్‌లో ఎవరైనా పొలంలో దొరికిన జెర్రిపోతుని ట్యాంక్‌లో పెట్టాలనుకుంటే, వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

కరెంటు పోతే టెన్షన్ పడకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మనుషులకే దిక్కు లేకపోయింది, అలాంటిదానికి ముందే సిద్ధంగా ఉండాలి. ట్యాంక్ చుట్టూ దుప్పట్లు కప్పండి, గాలికి కాస్త సందు వదలండి. గంటలు గడిచినా రాకపోతే పాముని గుడ్డ సంచిలో వేసి థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పక్కన వేడినీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి ఉంచండి, సీసా పాము ఒంటికి తగలకూడదు. ఈలోపు ఎలుక పెట్టకండి, ఒంట్లో వేడి లేకపోతే తిన్నది అరగక కడుపులోనే కుళ్లుతుంది. కరెంటు వచ్చి, వేడి పూర్తిగా కుదిరిన మర్నాటి దాకా ఆగండి.