వానల్లో పెడల్ మూత విప్పేముందు

పెదవాల్తేరులో మా కిటికీ తీస్తే సముద్రపు గాలి నేరుగా పని బల్ల మీదకే వస్తుంది. మనిషికి హాయి, బల్ల మీదున్న రాగికి కాదు. జూన్‌లో వానలు పట్టుకుంటే నవంబరు తుపాన్లు దాటేదాకా ఇంట్లో చేసుకున్న గిటార్ పెడళ్లు, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు, ఒక్కొక్కటే గరగరలాడతాయి. వెంటనే చెయ్యి అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ మీదకి పోతుంది. నన్నడిగితే అది ఆఖరున ముట్టుకోవాల్సింది. నా డబ్బాలో వానకు పోయిన పెడళ్ల కంటే నా రిపేరుకు పోయినవే ఎక్కువ.

ముందు ప్రాణం సంగతి. పెడల్‌లో ఉండేది 9 వోల్టులే, భయం లేదు. భయమంతా ఆంప్‌తోనే, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌తోనే. గిటార్ తీగలు కేబుల్ మీదుగా ఆంప్ ఛాసిస్‌తో, అంటే దాని లోహపు చట్రంతో, కలిసే ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్‌లో 230 వోల్టుల వైరు ఛాసిస్‌కి తగిలితే ఆ కరెంటు మీ వేళ్లదాకా వస్తుంది. చవితి పందిళ్లలో హమ్ (గుయ్యిమనే మోత) తగ్గుతుందని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి, తడి నేల మీద చెప్పుల్లేకుండా వాయించేవాళ్లని చూశాను. ఎంత సీనియర్ చెప్పినా ఆ పని చెయ్యకండి. ఆంప్ మూత అసలే తియ్యొద్దు. గాజు వాల్వుల ఆంప్ అయితే ప్లగ్గు పీకాక కూడా, కరెంటు దాచుకునే కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

తర్వాత అడాప్టర్. పెడళ్లకు చాలావరకు పిన్ను మధ్యది మైనస్. ఇంట్లో పడి ఉండే రూటర్ అడాప్టర్లకు సాధారణంగా మధ్యది ప్లస్. పిన్ను చక్కగా దూరుతుంది, అదే గొడవ. పైగా 9 అని రాసి ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం లోడు లేనప్పుడు 12 దాటి కూడా చూపిస్తుంది. వోల్టేజీని మార్చే మాక్స్1044 లాంటి ఐసీ (చిప్పు) ఉన్న పెడల్‌కి 10 దాటితే నూకలు చెల్లినట్టే. మల్టీమీటరు పెట్టి చూడకుండా గుచ్చొద్దు. అనుమానముంటే కొత్త 9 వోల్టుల బ్యాటరీతో చూడండి.

మూత తీశాక, కరెంటు ఇవ్వకముందే, కళ్లతో చూడండి. కేబుల్ గుచ్చే జాక్‌లో, స్విచ్ కాళ్ల దగ్గర పచ్చటి పొడి కనిపిస్తే అది ఉప్పుగాలి పనే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. దగ్గర్లో ఐరన్ వేడిగా ఉండకూడదు, ఆల్కహాల్ అంటుకుంటుంది. నా పెడళ్లలో సగం ఇక్కడితోనే పలికాయి.

పలకకపోతే బైపాస్‌లో, అంటే ఎఫెక్ట్ ఆపి శబ్దం నేరుగా పోయేలా పెట్టి, వినండి. అందులోనూ శబ్దం లేకపోతే తప్పు సాధారణంగా ఐసీది కాదు. జాకో, స్విచ్చో, ఊడిన వైరో. బైపాస్ బాగుంటే అప్పుడు వోల్టులు కొలవండి. పెడళ్లలో తరచూ ఉండే టీఎల్072 ఐసీ అయితే 8వ పిన్ను మీద 9కి దగ్గరగా, 4 మీద సున్నా, 1, 7 మీద దాదాపు 4.5 రావాలి. మీటరు ప్రోబ్ (కొలిచే ముల్లు) జారి పక్క పిన్నును తాకితే ఐసీ పోవచ్చు, అందుకే నల్ల ప్రోబ్‌ని క్లిప్పుతో గ్రౌండ్‌కి తగిలించి ఒంటి చేత్తో కొలుస్తాను. వైరు తెగిందో లేదో చూసే మీటరు బీప్ మోడ్ మాత్రం కరెంటు తీశాకే. జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ పెడల్ మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా పలికితే కంగారు పడకండి, వేడికి ఆ ట్రాన్సిస్టర్ల తీరే అంత.

శబ్దం ఎక్కడ ఆగిందో ఆంప్‌కి కలిపిన ఆడియో ప్రోబ్‌తో (ఇది మీటరుది కాదు) వింటూ వెతికేటప్పుడు, దాని కొసన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి, లేకపోతే డీసీ ఆంప్‌లోకి పోతుంది. వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి.

ఇక ఐరన్. అతికించిన భాగాల తీగ కాళ్లు కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ప్లంబర్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ వద్దు, అది బోర్డును నెమ్మదిగా తినేస్తుంది. ఫుట్‌స్విచ్ కాలు మీద మూడు సెకన్లు మించితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సోల్డర్‌లోని సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా పకోడీ తినకండి. అన్నిటికంటే ముఖ్యం, గాలివానకు కరెంటు పోగానే ఐరన్ ప్లగ్గు పీకెయ్యండి. నేను పీకకుండా టీకి వెళ్లాను; తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది, బల్ల మీద వేలెడు లోతు నల్ల గుంట ఉంది.