బెంగళూరు రోడ్డు మీద సైకిల్: ఎక్కడ తేడా కొడుతోంది, ఎందుకు, ఏం చేయాలి

మారతహళ్లి, బెళ్లందూరు, ఏఈసీఎస్ లేఅవుట్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్దామా అని ఒక్కసారైనా అనుకోని వాళ్లు తక్కువ. సాయంత్రం ఆరున్నరకి ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో ఇరుక్కున్న ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. ఉత్సాహంగా కొని, నెల తిరక్కుండానే దాన్ని బాల్కనీలో బట్టలారేసే స్టాండు చేసినవాళ్లూ ఉన్నారు. ఎందుకు మానేశారంటే "కార్లవాళ్లు బతకనివ్వరండీ" అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ ఫిర్యాదుల్ని విడదీసి చూస్తే, చాలావాటికి మూలం మనం రోడ్డు మీద ఏ చోట నడుపుతున్నామన్న దాంట్లో ఉంటుంది. కారువాణ్ని మార్చడం మన చేతిలో లేదు, మనం నడిపే చోటు మార్చుకోవడం ఉంది. అందుకే ముందు ట్రాఫిక్ సంగతి, తర్వాత బండి సంగతి చూద్దాం.

"కార్లు మోచేతికి రాసుకుంటూ పోతున్నాయి"

కొత్తగా తొక్కేవాళ్లందరిదీ ఇదే మాట. భయంతో రోడ్డు అంచుకి అతుక్కుపోతే జరిగేది ఇది. లెక్క చూడండి. ఒక లేన్ వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు, మామూలు కారు వెడల్పు మీటరూ ముప్పావు. మీరు అంచున ఉంటే, లేన్ మారకుండానే దూరిపోవచ్చని వెనక డ్రైవరుకి అనిపిస్తుంది. మీ హ్యాండిల్ వెడల్పు, అంచు నుంచి మీరు వదిలిన జానెడు జాగా తీసేస్తే మిగిలేది మీటరు కూడా ఉండదు. అందులోనే ఆయన అద్దం, మీ మోచెయ్యి సర్దుకోవాలి. పైగా అంచునే మట్టి, గాజుపెంకులు, మ్యాన్‌హోల్ మూతలు ఉంటాయి. వాటిని తప్పించబోయి మీరు చటుక్కున కుడికి జరుగుతారు. సరిగ్గా అప్పుడే కారు వస్తుంది.

చేయాల్సిందల్లా అంచు నుంచి ఓ మీటరు లోపలికి జరిగి, గీత గీసినట్టు నేరుగా నడపడం. ఆగి ఉన్న కార్ల మధ్య ఖాళీ కనపడగానే లోపలికి దూరి మళ్లీ బయటికి రావద్దు. వెనకవాళ్ల కళ్లకు మీరు మాయమై ఒక్కసారిగా ప్రత్యక్షమవుతారు. ఇరుకు సందుల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర, మెట్రో పనుల రేకుల పక్కన లేన్ మధ్యలోనే నడపండి. అక్కడ ఓవర్‌టేక్ చేసే చోటు లేనప్పుడు, ఉన్నట్టు ఆశ పెట్టకూడదు. హారన్ కొడతారు, కొట్టనివ్వండి. హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడనే కదా. నాకైతే హారన్ కొట్టకుండా ఫోన్ చూస్తూ వచ్చేవాడంటేనే టెన్షన్.

ఈ సలహా అన్ని రోడ్లకీ పనికిరాదు. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే ఖాళీగా ఉన్న వేళ బండ్లు చాలా వేగంగా వస్తాయి, అక్కడ మధ్యలో నడపడం ధైర్యం అనిపించుకోదు. సర్వీస్ రోడ్డు పట్టండి. 2020లో సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం వైపు ఇదే రోడ్డు మీద స్తంభాలు పాతి సైకిల్ లేన్ వేశారు. తర్వాత మెట్రో పనులు, పార్కింగు, బైకులు కలిసి దాన్ని మింగేశాయి. పాత మ్యాపులో లేన్ కనపడిందని నమ్ముకుని బయల్దేరకండి.

"పక్కనే వస్తున్న కారు సడన్‌గా ఎడమకి తిప్పేసింది"

టెక్ పార్కు గేట్ల దగ్గరా, అపార్ట్‌మెంట్ల ముందరా రోజూ జరిగేదే. మిమ్మల్ని దాటేశాడు కాబట్టి మీరు వెనకబడిపోయారని ఆయన లెక్క. సైకిల్ కూడా గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో వస్తుందని ఆయనకి తోచదు. ఇండికేటరు వేస్తారని ఎదురు చూడకండి, కారు ముందు చక్రం చూడండి. తిరగబోయే కారు ముందు వేగం తగ్గిస్తుంది, తర్వాత చక్రం ఎడమకి వాలుతుంది. గేటు దగ్గర పడుతోందంటే ఏ కారుకీ సరిగ్గా ఎడమ పక్కన ఉండొద్దు. ముందైనా ఉండండి, వెనకైనా ఉండండి.

"ఆగి ఉన్న కారు డోర్ తీశాడు"

ఎడమ పక్క ఆగిన కారుని మనం దాటేది డ్రైవరు డోర్ వైపు నుంచే. ఆ తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు బయటికి వస్తుంది. కాబట్టి ఆగిన కార్ల వరస నుంచి మీటరు పైగా దూరం పాటించండి. అద్దంలో మనిషి తల కనపడినా, బ్రేక్ లైటు అప్పుడే ఆరినా డోర్ తెరుచుకుంటుందనే అనుకోవాలి.

బెంగళూరులో దీనికి ఇంకో రకం ఉంది. ట్రాఫిక్ జామ్‌లో క్యాబ్ కదలడం లేదని, ఆఫీసు దగ్గరే కదా అని, వెనక సీటులోవాళ్లు ఎడమ డోర్ తీసుకుని దిగిపోతారు. ఆ ఎడమ సందులోంచే మనం చల్లగా జారుకుంటూ ఉంటాం. ఆటో కూడా అంతే. కుడి వైపు కడ్డీ ఉంటుంది కాబట్టి మనుషులు దిగేది ఎప్పుడూ ఎడమకే. నడిరోడ్డు మీద ఆటో ఆగితే ఎడమ నుంచి దాటొద్దు. ఆగిపోయిన వరస పక్కన సందులో వెళ్లక తప్పకపోతే, నడక వేగానికి తగ్గించి బ్రేకుల మీద వేళ్లుంచి వెళ్లండి.

"బస్సుతో దోబూచులాట అయిపోతోంది"

స్టాపులో బస్సు మీ ముందు ఆగుతుంది, మీరు దాటుతారు, అది మళ్లీ మిమ్మల్ని దాటుతుంది. ఇద్దరి సగటు వేగం ఒకటే కావడం వల్ల వచ్చిన తంటా ఇది. ఒక స్టాపులో ఓ నిమిషం ఆగి దాన్ని పోనిస్తే ఆ గొడవ అక్కడితో సరి. ఏం చేసినా బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య నుంచి మాత్రం దూరకండి.

"సిగ్నల్ దగ్గర ట్యాంకరు పక్కన ఇరుక్కున్నా"

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నీళ్ల ట్యాంకరు, టిప్పరు లాంటి పెద్ద బండ్లలో డ్రైవరు ఎత్తులో, కుడి పక్క కూర్చుంటాడు. క్యాబిన్‌కి ఎడమ పక్కన, ముందు బంపరు కింద కొంత మేర అతనికి అస్సలు కనపడదు. పైగా పెద్ద బండి ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మీరు సరిగ్గా ఆ మూలలో ఉంటే గ్రీన్ పడ్డాక తప్పుకునే చోటుండదు.

అందుకే సిగ్నల్ దగ్గర పెద్ద బండి ఉంటే దాని వెనకే ఆగండి. పొగ పీల్చాలి, తప్పదు. అప్పటికే మీరు ముందుకెళ్లిపోయి ఉంటే, డ్రైవరు ముఖం మీకు కనపడేంత దూరంలో, బండికి బాగా ముందు నిలబడండి. మీకు అతని కళ్లు కనపడకపోతే అతనికీ మీరు కనపడనట్టే. చెయ్యెత్తి కన్నడలో "అన్నా, సైకిల్ ఇదె" (సైకిల్ ఉంది) అనండి చాలు. కోలారు, చింతామణి వైపు డ్రైవర్లయితే తెలుగులోనే జవాబిస్తారు.

"పెద్ద జంక్షన్‌లో కుడికి తిరగలేకపోతున్నా"

మూడు లేన్లు దాటి కుడి చివరికి చేరాలనుకోవడం దగ్గరే ఇబ్బంది. నేరుగా వెళ్లే వాళ్లతో పాటు జంక్షన్ దాటండి. అవతలి ఎడమ మూలలో ఆగి, సైకిల్‌ని కుడి దిక్కుకి తిప్పి నిలబెట్టండి. అటువైపు సిగ్నల్ పడ్డప్పుడు మళ్లీ నేరుగా వెళ్లిపోండి. ఒక సిగ్నల్ ఎక్కువ పడుతుంది, అంతే. అదీ కష్టమనిపిస్తే దిగి జీబ్రా గీతల మీద నడిపించుకుంటూ పోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

"వారం వారం పంక్చర్"

ఇక బండి సంగతి. పంక్చర్ పడగానే షాపులో ఇచ్చేసి ఫోన్ చూస్తూ కూర్చోవద్దు. ట్యూబు తీసి నీళ్ల టబ్బులో ముంచినప్పుడు బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. కారణం ఆ రంధ్రమే చెబుతుంది.

పక్కపక్కనే రెండు చిన్న చీలికలుంటే అది ముల్లు కాదు. గాలి తక్కువగా ఉండి గుంత అంచుకి కొట్టుకున్నప్పుడు, రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి తెగింది. బెంగళూరులో ఎక్కువగా కనపడేది ఇదే. మందు గాలి. టైరు పక్క భాగం మీద ఎంత కొట్టాలో అచ్చు వేసి ఉంటుంది, లావు టైర్లకి తరచుగా 40 నుంచి 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య. ఇక్కడే ఒక మెలిక ఉంది. పెట్రోల్ బంకులో "ఎంత కొట్టాలి?" అంటే మనం "ఫుల్" అంటాం. అతని మిషన్ సెట్ చేసి ఉండేది కార్లకి, ముప్పై చిల్లర. చేత్తో నొక్కితే గట్టిగానే అనిపిస్తుంది, మీ బరువు పడ్డాక చాలదు. అంకె చెప్పి కొట్టించుకోండి. అంతకన్నా మేలు, మీటరున్న ఫ్లోర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకుని వారానికోసారి కొట్టుకోవడం.

బయటి వైపు ఒకే సూది బెజ్జం ఉంటే ముల్లో, తీగో. పాతబడిన లారీ టైర్ల నుంచి ఊడిన సన్నటి ఉక్కు తీగలు రోడ్డంతా ఉంటాయి. వెంట్రుక మందాన ఉండి టైరులోనే దాక్కుంటాయి. అది తియ్యకుండా ప్యాచ్ వేస్తే మర్నాడు మళ్లీ అదే చోట గాలి పోతుంది. టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ తుడవండి, తీగ ఉన్న చోట దారం పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలు కోసుకుంటుంది. బెజ్జం లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే చక్రం పుల్లల (స్పోకుల) చివరలు గుచ్చుకుంటున్నాయి. రిమ్ము టేపు మార్పించండి. వాల్వు మొదట్లో చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి.

"వానలో బ్రేకులు పడటం లేదు"

సాయంత్రం నాలుగింటికి ఎండ, ఐదింటికి కుండపోత, ఈ ఊరి సంగతి తెలిసిందే. రిమ్ముని పట్టే బ్రేకులయితే, తడిసినప్పుడు ముందు నీళ్లు తుడుచుకోవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. వానలో మధ్యమధ్యలో లైటుగా నొక్కుతూ రిమ్ము ఆరబెట్టుకోండి, ఆగాల్సిన చోటుకి చాలా ముందే మొదలుపెట్టండి. పొడి రోడ్డు మీద కూడా పట్టకపోతే బ్రేకు షూల గాడులు చూడండి. అరిగిపోయి నున్నగా ఉంటే మార్చడమే. గాడులు బాగానే ఉండి లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే కేబుల్ సాగింది, లివరు దగ్గరున్న మరను కాస్త బయటికి తిప్పితే బిగుస్తుంది. డిస్క్ బ్రేకు కీచుమంటుంటే చాలాసార్లు చైనుకి కొట్టిన నూనె స్ప్రే దాని మీద పడి ఉంటుంది.

తడిసిన తెల్ల గీతలు, ఇనుప పలకలు, మ్యాన్‌హోల్ మూతల మీద బ్రేకు వెయ్యొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి దిగనే దిగొద్దు. 2023 మేలో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి మన ఆంధ్ర అమ్మాయి ప్రాణం పోయింది. లోతు పైనుంచి తెలియదు.

"చైను టకటకమంటూ జారుతోంది"

దుమ్ము, సిమెంటు పొడి, దాని మీద నూనె కలిస్తే సాన రాయి పిండిలా చైనుని అరగదీస్తుంది. నూనె ఎక్కువ కొట్టడం మంచిదనే భ్రమ చాలామందికి ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, లింకుకో చుక్క వేసి, పది నిమిషాలాగి పైనున్న నూనంతా తుడిచేయండి. అయినా జారుతుంటే స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనక పళ్ల చక్రాలు కూడా పోయి ఉంటాయి, ఖర్చు రెట్టింపు.

"మోకాలు నొప్పి, అరచేతులు తిమ్మిరి"

మోకాలు ముందు భాగం నొప్పి అంటే దాదాపుగా సీటు కిందికుంది. కాళ్లు నేలకి ఆనాలని షాపువాళ్లు దించి ఇస్తారు. సీటు మీద కూర్చుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. ఆ ఎత్తుకి పెంచండి. మోకాలు వెనక నొప్పి వస్తే మరీ ఎక్కువైంది. అరచేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు కిందికి వాలిందేమో చూడండి. వీపు చెమటకి మందు ఒక్కటే: బ్యాగు వీపు మీద నుంచి తీసి వెనక క్యారియర్‌కి కట్టడం.

"ఆఫీసు గేటు దగ్గర రానివ్వడం లేదు, బయట పెడితే భయం"

సెక్యూరిటీతో వాదించి లాభం లేదు. స్టిక్కరున్న బండినే లోపలికి పంపమని అతనికి చెప్పారు, సైకిల్‌కి స్టిక్కరు లేదు. ఫెసిలిటీస్ వాళ్లకి మెయిల్ పెట్టి, సైకిల్‌కి కూడా ఓ స్టిక్కరు అడగండి. సెక్యూరిటీ కుర్చీకి ఎదురుగా చోటు కావాలని అందులోనే రాయండి. తాళం ఇనుప యూ-లాకే కొనండి, ఫ్రేమూ వెనక చక్రమూ కలిపి స్తంభానికి వేయండి. సన్న కేబుల్ తాళం కటింగ్ ప్లేయరుకి ఆగదు. ముందు చక్రం చేత్తో ఊడే రకమయితే దానికి వేరే తాళం పెట్టాలి. సైకిల్‌ని తలకిందులు చేస్తే పెడల్స్ కలిసే చోట అడుగున ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది, ఈ రోజే ఫోటో తీసి బిల్లుతో పాటు దాచండి. అది లేకుండా స్టేషన్‌కి వెళితే "నల్ల సైకిల్, గేర్లున్నాయి" అని తప్ప చెప్పడానికేమీ ఉండదు.