వైద్య నిర్లక్ష్యం: నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసే విధానం

వైద్యం వికటించి మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో కాగితాల గురించి ఆలోచించే స్థితిలో ఎవరూ ఉండరు. కానీ రేపు కేసు నిలబడేది ఆ కాగితాల మీదే. కాబట్టి ముందు కేస్ షీట్ నకలు కావాలని ఆస్పత్రికి అర్జీ రాసివ్వండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటీ చేతిలో పెడితే సరిపెట్టుకోకండి. నర్సుల నోట్స్, మందుల చార్ట్, మత్తుమందు రికార్డు, మీరు సంతకం పెట్టిన అంగీకార పత్రం కూడా అడగండి. మీ దగ్గరుంచుకునే అర్జీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. రికార్డులు ఇవ్వకపోతే ఆ కాపీయే మీకు సాక్ష్యం.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు మాత్రం ఇందులోకి రావు. రోగి చనిపోతే వారసులు ఫిర్యాదు చేయవచ్చు.

ఫలితం బాగా రానంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు తీసుకునే జాగ్రత్త కూడా తీసుకోలేదని చూపించాలి. ఇందుకు అదే విభాగానికి చెందిన మరో డాక్టరు రాతపూర్వక అభిప్రాయం చాలా బలం. అయితే ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియాకు టైఫాయిడ్ మందులు ఇచ్చిన కేసు అది.

ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. కడుపులో గాజుగుడ్డ మరిచిపోవడం లాంటి తప్పు ఆలస్యంగా బయటపడితే, బయటపడిన రోజు నుంచి లెక్కించమని కోరవచ్చు. కానీ నొప్పి వేధిస్తున్నా పరీక్ష చేయించుకోకుండా ఏళ్ల తరబడి ఊరుకుంటే కమిషన్ ఒప్పుకోకపోవచ్చు. దయచేసి ఆలస్యం చేయకండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఆస్పత్రి ఏ ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది, ఎంత ఫీజు కట్టాలన్నది మీరు చెల్లించిన బిల్లును బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. బిల్లు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. బిల్లు 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఫిర్యాదులో జరిగింది తేదీలవారీగా రాయండి. డాక్టరును, ఆస్పత్రిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. వైద్య ఖర్చు, పోయిన సంపాదన, మానసిక వేదన విడివిడిగా చూపి ఎంత కావాలో చెప్పండి. అఫిడవిట్, బిల్లులు, రికార్డులు జతచేసి వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో గానీ నేరుగా కమిషన్‌లో గానీ ఇవ్వండి. లాయరు తప్పనిసరి కాదు, కానీ ఇలాంటి కేసులో ఉంటే మేలు.

నోటీసు అందాక జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. జిల్లా కమిషన్ తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.