ఇంట్లో వీఆర్ హెడ్‌సెట్‌తో పని చేయాలంటే ఎలా? ముందు ఫ్యాన్ సంగతి చూడండి

వీఆర్ హెడ్‌సెట్ అంటే కళ్లకు కట్టుకుంటే చుట్టూ కంప్యూటర్ బొమ్మల లోకాన్ని చూపే పరికరం. దాని పెట్టె విప్పగానే ఎవరైనా చేసేది దాన్ని తలకు తగిలించుకోవడమే. నేనూ అదే చేశాను. నల్లగొండలో మాది పాత ఇల్లు, స్లాబు ఎత్తు తక్కువ. గాల్లో తేలుతున్న బొమ్మను అందుకుందామని చెయ్యెత్తితే చేతిలో ఉన్న రిమోట్ లాంటి కంట్రోలర్ వెళ్లి తిరుగుతున్న ఫ్యాన్ రెక్కకు తగిలింది. కంట్రోలర్ రింగు పగిలింది, చెయ్యి దక్కింది. హైదరాబాద్‌లోని ఒక ఆఫీసుకు ఇళ్ల త్రీడీ నమూనాలు చేసిపెట్టడం నా పని. ఏడాదిన్నరగా రోజులో కొంతసేపు ఈ పరికరంలోనే గడుస్తోంది. నాకు అర్థమైనదేమిటంటే, హెడ్‌సెట్ కంటే ముందు ఇంటిని సిద్ధం చేసుకోవాలి.

గదితో మొదలుపెట్టండి

నిలబడి వాడాలంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. అంత జాగా లేకపోతే కుర్చీలో కూర్చుని వాడండి. ఆఫీసు పనికి అది చాలు. ఫ్యాన్ కింద మాత్రం నిలబడొద్దు. టేబుల్ ఫ్యాన్ ఉంటే దాన్ని ఒక మూలన పెట్టుకోండి. గాలి ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంటే మీరు ఎటు తిరిగి ఉన్నారో కూడా తెలుస్తుంది. నేలమీద ఒక చిన్న చాప పరవండి. హెడ్‌సెట్‌లో సరిహద్దు గీసుకునే ఏర్పాటు ఉంటుంది కానీ, పాదం చాప దాటి చల్లటి బండ మీద పడగానే తెలిసినంత తొందరగా ఆ గీత తెలియదు.

హెడ్‌సెట్ కెమెరాలతో గదిని చూస్తూ మీరు ఎక్కడున్నారో లెక్క వేసుకుంటుంది. అందుకే గదిలో వెలుతురు ఉండాలి. నిలువుటద్దం ఎదురుగా ఉంటే తికమక పడుతుంది, దాని మీద ఓ దుప్పటి కప్పండి. వెలుతురు కావాలన్నారు కదా అని కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు. లోపలి లెన్సులు భూతద్దాల్లాంటివి. వాటిలోంచి నేరుగా ఎండ పడితే కాసేపట్లోనే స్క్రీన్ మీద మచ్చ కాలుతుంది, అది ఇక పోదు. వాడనప్పుడు లెన్సుల మీద గుడ్డ కప్పి అల్మారాలో పెట్టండి.

కరెంటు విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. బ్యాటరీ సుమారు రెండు గంటలు వస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఇబ్బంది లేదనుకున్నాను. రాత్రి మీటింగ్ మధ్యలో కరెంటు పోయింది. హెడ్‌సెట్ నడుస్తూనే ఉంది, గది చీకటైంది. కెమెరాలకు ఏమీ కనపడక హెడ్‌సెట్‌లో నా ఎదురుగా తేలుతున్న తెరలన్నీ జారిపోయాయి. రౌటర్ కూడా ఆగింది. ఇప్పుడు రౌటర్‌తోపాటు ఆ గది ట్యూబ్‌లైట్ కూడా ఇన్వర్టర్ మీదే ఉంది.

తలకు సరిగ్గా పెట్టుకోవడం

మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. అరకిలో చక్కెర పొట్లాన్ని మొహానికి కట్టుకున్నట్టే. బరువు బుగ్గల మీద పడితే పావుగంటలో నొప్పి పుడుతుంది. పట్టీని ముందు తల వెనక, పుర్రె కింద గుంత దగ్గర ఆనించి, ఆ తర్వాత ముందు భాగాన్ని కళ్ల మీదికి దించండి. పైపట్టీ బిగిస్తే బరువు నెత్తికి చేరుతుంది. పక్క పట్టీలు మరీ బిగించొద్దు.

తర్వాత కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఇది సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అద్దం ముందు నిలబడి కనుబొమల కింద స్కేలు ఆనించండి. కుడికన్ను మూసి, సున్నాను ఎడమ కంటిపాప మీదికి తెచ్చుకోండి. స్కేలు కదపకుండా ఎడమకన్ను మూసి, కుడికన్ను తెరిచి, ఆ కంటిపాప మీద ఎంత పడిందో చూడండి. నాది 61. దీని పాత మోడల్ క్వెస్ట్ 2లో 58, 63, 68 అని మూడే మెట్లున్నాయి, క్వెస్ట్ 3లో చక్రం తిప్పి సరిచేసుకోవచ్చు. ఇది సరిగ్గా లేకపోతే అక్షరాలు మసకగా ఉంటాయి, తలనొప్పి అదనం. కళ్లజోడు ఉన్నవాళ్లు లెన్సులను కాస్త దూరం జరిపే స్పేసర్ పెట్టుకోవాలి, లేకపోతే రెండు అద్దాలూ రాసుకుని గీతలు పడతాయి.

మొదటి వారం

శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సెక్కి ఫోన్ చూసినవాళ్లకు కడుపులో తిప్పడం కొత్తేమీ కాదు. అక్కడ చెవి లోపలి భాగం ‘కదులుతున్నాం’ అంటుంది, ఫోన్ మీదున్న కన్ను ‘లేదు’ అంటుంది. వీఆర్‌లో ఇది తిరగబడుతుంది. కన్ను కదులుతున్నానంటుంది, ఒళ్లు కుర్చీలోనే ఉంటుంది. కాబట్టి మొదటి మూడు రోజులు పది నిమిషాలకు మించొద్దు. వీఆర్ లోపల నడవాల్సి వస్తే కంట్రోలర్ మీది జాయ్‌స్టిక్‌తో జారుతూ పోయే పద్ధతి వదిలి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే పద్ధతి ఎంచుకోండి. చెమట పట్టినా, ఆవులింతలు వచ్చినా వెంటనే తీసేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందని కొందరు చెబుతారు. నేను ఓర్చుకున్నాను, సాయంత్రం దాకా మంచం దిగలేదు.

పని ఎలా?

కంప్యూటర్ తెర హెడ్‌సెట్‌లో కనపడాలంటే కంప్యూటర్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలపండి, హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి. రౌటర్ అదే గదిలో ఉంటే మంచిది. ఎదురుగా మూడు పెద్ద తెరలు పెట్టుకోవచ్చు కానీ మెడ అరిగిపోతుంది, రెండు చాలు. కీబోర్డు కనపడేలా పాస్‌త్రూ, అంటే కెమెరాలతో బయటి గదిని చూపే ఏర్పాటు, ఆన్ చేసుకోండి.

రోజంతా ఎక్సెల్ చూసే పనికి దీన్ని కొనొద్దని నా సలహా. చురుకైన కంటికి చూపు పరిధిలోని ఒక్కో డిగ్రీలో సుమారు 60 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) కావాలి, క్వెస్ట్ 3 ఇచ్చేది 25 దాకా. ఇంగ్లిష్ అక్షరాలైతే ఎలాగో చదవొచ్చు. తెలుగు మెయిల్ తెరిస్తే తెలుస్తుంది బాధ. ‘ష్ట్ర’లో వత్తులు రెండూ ముద్దగా కలిసిపోతాయి, ‘వ’కూ ‘ప’కూ తేడా ఊహించుకోవాలి. ఫాంటును ఒకటిన్నర రెట్లు పెంచండి. త్రీడీ నమూనా చూడటానికి మాత్రం దీనికి సాటి లేదు. కట్టని ఇంటి వంటగదిలో నిలబడి, సజ్జ తలకు తగులుతుందేమో చూసుకోవచ్చు.

అరగంటకోసారి తీసి, గుమ్మంలోకి వెళ్లి దూరంగా ఉన్న చెట్టునో గుట్టనో చూడండి.

ఎండాకాలం, ఇంట్లోవాళ్లు

యాపిల్ వాళ్ల హెడ్‌సెట్ విజన్ ప్రో వాడకానికి కంపెనీ చెప్పిన వేడి పై హద్దు 30 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర రాత్రి కూడా అంతకు దిగని రోజులుంటాయి. పని తెల్లవారుజామున పెట్టుకోండి, మధ్యాహ్నం ఏసీ లేకపోతే ముట్టుకోవద్దు. కూలర్ ఎదురుగా కూర్చుంటే ఆ తేమకు లెన్సులు ఆవిరి పడతాయి, గాలి వీపుకు తగిలేలా పెట్టుకోండి.

నలుగురు వాడే ఇల్లైతే మొహానికి ఆనే మెత్తకు సిలికాన్ కవర్ తప్పనిసరి. కొబ్బరినూనె, బొట్టు, చెమట అన్నీ ఆ మెత్తలోకే ఇంకుతాయి. లెన్సులను మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి, స్పిరిట్ వద్దు. మెటా పెట్టిన కనీస వయసు పదేళ్లు, అంతకంటే చిన్నపిల్లలు ఏడ్చినా ఇవ్వొద్దు. ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా పెట్టుకోకూడదు.

మా అమ్మ ఒకసారి చాయ్ పట్టుకుని పక్కనే నిలబడి ‘ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?’ అంది. ఉలిక్కిపడి తిరిగాను, చాయ్ గ్లాసు కింద పడింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: గడప అవతల నుంచి పిలవాలి, పలికాకే లోపలికి రావాలి. నేనూ ఇయర్‌ఫోన్లు మానేసి హెడ్‌సెట్ స్పీకరే వాడుతున్నాను.

తీసేశాక వెంటనే బండి తాళం అందుకోవద్దు. తల తేలిగ్గా ఉన్నట్టు అనిపిస్తే అది తగ్గేదాకా కూర్చోండి.